స్టేట్‌మెంట్–అజంప్షన్ ప్రశ్నల్లో చెప్పని మాటను పట్టుకోవడం ఎలా?

అమ్మా,

మీది కనిగిరి దగ్గర ఊరని, ఒంగోలులో రూమ్ తీసుకుని బ్యాంక్ పీఓ (ప్రొబేషనరీ ఆఫీసర్) పరీక్షకు చదువుతున్నారని రాశారు. పజిల్స్, సిలాజిజం బాగానే వస్తున్నాయి గానీ స్టేట్‌మెంట్–అజంప్షన్ ప్రశ్న (ఒక మాట ఇచ్చి, దాని వెనక చెప్పకుండానే అనుకున్నవి ఏవో గుర్తించమనేది) కనబడితే రెండూ కరెక్టే అనిపిస్తాయి, ఇంకోసారి చదివితే రెండూ కాదనిపిస్తాయి, చివరికి టెన్షన్‌లో ఏదో ఒకటి పెట్టేస్తున్నానన్నారు. మీరు పంపిన రెండు ప్రశ్నలూ చూశాను. అవి రెండూ ఒకే రకం తప్పులు కావు. మొదటిదానిలో లేనిది ఉందనుకున్నారు. రెండోదానిలో ఉన్నది లేదనుకున్నారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. నేను బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరై, తొమ్మిదేళ్లుగా నెల్లూరులో రీజనింగ్ చెబుతున్నాను. తెలివైన పిల్లలు ఈ ఒక్క టాపిక్‌లో మార్కులు పోగొట్టుకోవడం ఏటా చూస్తూనే ఉన్నాను. చూసినప్పుడల్లా బాధేస్తుంది, ఎందుకంటే ఇందులో కొత్తగా నేర్చుకోవాల్సింది చాలా తక్కువ.

మీ మొదటి ప్రశ్న ఇది. "పండగ రోజుల్లో ఒంగోలు నుంచి హైదరాబాద్ వెళ్లేవారు టికెట్లు ముందే రిజర్వ్ చేసుకోవాలి" అని ఒక ప్రకటన. ఒకటో అజంప్షన్: పండగ రోజుల్లో అప్పటికప్పుడు టికెట్ దొరకడం కష్టం కావచ్చు. రెండోది: ప్రకటన చూసిన ప్రయాణికులందరూ ముందే రిజర్వ్ చేసుకుంటారు. మీరు రెండూ ఉన్నాయని పెట్టారు. కీలో, అంటే పుస్తకం వెనక ఇచ్చిన జవాబుల్లో, ఒకటోది మాత్రమే అని ఉంది. కీ సరైనదే.

దాన్ని కాసేపు పక్కన పెట్టి మన ఇళ్లలో జరిగే సంగతి చూద్దాం. కోతల రోజులు. కళ్లంలో వడ్లు ఆరబోసి ఉన్నాయి. సాయంత్రానికి మబ్బు పట్టింది. తండ్రి కొడుకుతో "మబ్బు పట్టిందిరా, పోయి వడ్ల మీద పట్టలు కప్పు" అన్నాడు. ఈ ఒక్క మాట ఆయన నోట రావాలంటే మనసులో అప్పటికే ఏమేం ఉండాలి? మబ్బు పడితే వాన రావచ్చని ఉండాలి. వడ్లు తడిస్తే నష్టమని ఉండాలి. పట్ట కప్పితే తడవవని ఉండాలి. ఇంట్లో పట్టలు ఉన్నాయని, కొడుకు ఆ పని చేయగలడని ఉండాలి. వీటిలో ఒక్కటీ ఆయన పైకి అనలేదు. ఇద్దరికీ తెలిసిందే కాబట్టి అనాల్సిన పని కూడా లేదు. ఇలా మాట వెనక నిలబడి దాన్ని మోస్తున్నవే అజంప్షన్లు.

ఇప్పుడు ఇంకో మూడు వాక్యాలు చూడండి. "ఈ రాత్రి తప్పకుండా వాన పడుతుంది." ఆయన అలా అనుకుని ఉండొచ్చు. అనుకోకపోయినా పట్ట కప్పమనే చెబుతాడు, పడుతుందేమో అన్న అనుమానం చాలు. "కొడుకు వెంటనే వెళ్లి కప్పేస్తాడు." ఇది మాట అన్న తర్వాత జరిగే సంగతి. కొడుకు ఫోన్ చూసుకుంటూ పావుగంట కూర్చున్నా తండ్రి చెప్పిన మాటలో తప్పేం లేదు. "ఈ ఏడు పంట బాగా పండింది." నిజమే కావచ్చు, పట్టలు కప్పమనే మాటకు దానితో సంబంధం లేదు. పరీక్షలో మనల్ని పడగొట్టే ఆప్షన్లు ఎక్కువగా ఈ మూడు రూపాల్లోనే వస్తాయి: అవసరానికి మించి గట్టిగా చెప్పినది, వాక్యం తర్వాత వచ్చేది, నిజమైనా పక్కకుండేది.

వీటిని వేరు చేయడానికి నేను పిల్లలకు "కాకపోతే" పరీక్ష నేర్పిస్తాను. ఇచ్చిన అజంప్షన్‌ను తిరగేసి, అది కాకపోతే ఈ మాట నిలుస్తుందా అని అడగాలి. పట్ట కప్పినా వడ్లు తడుస్తాయి అనుకోండి. అప్పుడు కప్పమనడంలో అర్థం లేదు, మాట కూలిపోయింది, కాబట్టి అది అజంప్షన్. ఈ రాత్రి వాన పడకపోవచ్చు అనుకోండి. అయినా కప్పమనడం తెలివైన పనే, మాట నిలిచింది, కాబట్టి అది అజంప్షన్ కాదు. ఇంతవరకు ఏ పుస్తకంలోనైనా దొరుకుతుంది. దొరకనిది, మీలాంటి వాళ్లు జారిపోయేది, ఎలా తిరగేయాలన్న దగ్గర.

"ప్రయాణికులందరూ ముందే రిజర్వ్ చేసుకుంటారు" అన్నదాన్ని తిరగేయమంటే క్లాసులో సగం మంది "ఎవ్వరూ చేసుకోరు" అంటారు. ఎవ్వరూ వినకపోతే ప్రకటన ఇవ్వడమే దండగ కదా, మాట కూలింది, అయితే ఇది అజంప్షనే అని పెట్టేస్తారు. మీరు పొరబడింది కూడా ఇక్కడే అనుకుంటున్నాను. "అందరూ" అన్న మాట అబద్ధం కావడానికి ఒక్క మనిషి తప్పుకుంటే చాలు. దాన్ని తిరగేస్తే "అందరూ చేసుకోరు, కొందరు మానేస్తారు" అని వస్తుంది. కొందరు మానేసినా ప్రకటన ఇవ్వడం సబబే. మాట నిలిచింది. రెండో అజంప్షన్ లేదు.

ఇది బాగా చేతికి రావాలి, కాబట్టి ఇంకొంచెం చెబుతాను. "అందరూ" కాదంటే "అందరూ కాదు" అని మాత్రమే. "కొందరు" కాదంటే "ఒక్కరూ లేరు". "ఎప్పుడూ" కాదంటే "కొన్నిసార్లు అలా జరగదు". "ఇదొక్కటే దారి" కాదంటే "ఇంకో దారీ ఉంది". "కావచ్చు" కాదంటే "అయ్యే వీలే లేదు". గమనించండి, గట్టి మాటను తిరగేస్తే తేలిక మాట వస్తుంది, తేలిక మాటను తిరగేస్తే గట్టి మాట వస్తుంది. మామూలుగా తేలిక మాట స్టేట్‌మెంట్‌ను కూలగొట్టలేకపోతుంది, గట్టిది కూలగొడుతుంది. "అందరూ, మాత్రమే, తప్పకుండా ఉన్న ఆప్షన్‌ను కొట్టేయండి" అని కోచింగ్‌లో చెప్పే చిట్కా వెనక ఉన్న కారణం ఇదే. కారణం తెలియకుండా చిట్కా పట్టుకుంటే మాత్రం ఒకరోజు మోసపోతాం. "ఊళ్లో ఈ ఒక్క బోరే పనిచేస్తోంది, ఇది ఎండితే తాగడానికి చుక్క నీరు ఉండదు" అన్నారనుకోండి. "బయటి నుంచి ఏ రకంగానూ నీళ్లు తెచ్చుకునే దారి లేదు" అనే చాలా గట్టి మాట ఇక్కడ అజంప్షనే. ఏదో ఒక దారి, ట్యాంకరో పక్క ఊరి బావో, ఉందంటే చాలు, "చుక్క నీరు ఉండదు" అన్నది పడిపోతుంది. స్టేట్‌మెంట్ ఎంత గట్టిగా మాట్లాడితే అది నిలబడ్డ నేల కూడా అంత గట్టిగా ఉండాలి.

మన పెద్దలకు ఈ ఆలోచన కొత్త కాదు. మీమాంసకులు, అంటే వేద వాక్యాల అర్థాన్ని తర్కించిన పండితులు, అర్థాపత్తి అని ఒక ప్రమాణం (తెలుసుకునే మార్గం) చెప్పారు. వాళ్ల పాత ఉదాహరణలో దేవదత్తుడు లావుగా ఉన్నాడు, పగలు తినడు. అయితే రాత్రి తింటూ ఉండాలి. రాత్రి కూడా తినడంటే మొదటి రెండు మాటలూ పొసగవు. ఇంకోలా అయితే పొసగకపోవడాన్ని అన్యథానుపపత్తి అన్నారు. "కాకపోతే" పరీక్ష నడక కూడా ఇదే. తేడా ఒకటుంది. వాళ్లు దేవదత్తుడి గురించి నిజం తెలుసుకోవాలనుకున్నారు. మనం మాట అన్న మనిషి ఏం నమ్మాడో తెలుసుకుంటే చాలు. పైకి చెప్పని ఆధారంతో నడిచే వాదనను పాశ్చాత్య తర్కంలో ఎంథిమీమ్ అంటారు. ఆ మాట అరిస్టాటిల్ రచనల్లో కనిపిస్తుంది.

నిజం వేరు, నమ్మకం వేరు అన్న సంగతి మా క్లాసులో ఒకరోజు గట్టి చర్చే తెచ్చింది. బోర్డు మీద ఇలా రాశాను: "రొయ్యల ధర పడిపోయింది కాబట్టి చెరువులు తవ్విన రైతులు మళ్లీ వరి వేయాలి." ఒకటో అజంప్షన్: రొయ్యల చెరువులు ఉన్న నేలలో వరి పండుతుంది. రెండోది: వరిలో ఎప్పుడూ రొయ్యల కంటే ఎక్కువ లాభం వస్తుంది. అల్లూరు వైపు నుంచి వచ్చే ఒక అబ్బాయి లేచి, ఒకటోది అజంప్షన్ కానే కాదన్నాడు. వాళ్లకు చెరువులున్నాయి. "ఉప్పునీళ్లు నిలిపిన నేల సార్, మళ్లీ వరి వేయాలంటే ఏళ్లు పడుతుంది, ఈ మాట ఎవరన్నా తప్పే" అన్నాడు. ఆ అబ్బాయి చెప్పిన దాంట్లో అనుభవం ఉంది. కానీ ప్రశ్న అడుగుతున్నది అది కాదు. ఆ సలహా ఇచ్చిన మనిషి, ఆ నేలలో వరి పండుతుందని నమ్మాడా లేదా? నమ్మకపోతే వరి వేయమని ఎలా అంటాడు? కాబట్టి అది అజంప్షనే, తప్పుడు అజంప్షన్ అయినా సరే. తప్పు అజంప్షన్ మీద కట్టిన సలహా కాబట్టే ఆ అబ్బాయికి కోపం వచ్చింది. నిజానికి ఆ కోపమే సరైన జవాబు చూపిస్తోంది. స్టేట్‌మెంట్ చదవగానే "అదెలా కుదురుతుంది?" అని మీ మనసు ఎక్కడ అడ్డం పడుతుందో, చాలాసార్లు అజంప్షన్ అక్కడే దాక్కుని ఉంటుంది.

రెండోదాన్ని "అన్నిసార్లూ కాదు" అని తిరగేయండి. రొయ్యలు బాగా పలికిన ఏడు వరి కంటే ఎక్కువే మిగులుతుంది. అయినా ధర పడిన ఈ ఏడు వరి వేయమనడం నిలుస్తుంది. కాబట్టి రెండోది కాదు.

అదే వాక్యంలో "మళ్లీ" అన్న చిన్న మాట ఉంది చూడండి. ఆ రైతులు ఇంతకుముందు వరి వేసేవారని ఆ ఒక్క మాటే చెప్పేసింది. తెలుగులో ఇలాంటివి చాలా ఉన్నాయి. "ఇక కావలి నుంచి కూడా నేరుగా బస్సు" అంటే వేరే ఊళ్ల నుంచి ఇప్పటికే ఉంది. "ఇంకా రోడ్డు వేయలేదు" అంటే ఈపాటికి వేసి ఉండాలని అనుకున్నారు. "పొగాకు వేయడం మానేశాడు" అంటే ఒకప్పుడు వేశాడు. "కనీసం ఈసారైనా" అంటే పోయినసారి జరగలేదు. ఇంగ్లిష్‌లో ప్రశ్న వచ్చినా ఓన్లీ, ఈవెన్, స్టిల్, ఆల్సో, ఎగైన్ దగ్గర పెన్సిల్ ఆపండి. మీది తెలుగు మీడియం అన్నారు. స్టేట్‌మెంట్‌ను మనసులో తెలుగులోకి, అదీ మీ అమ్మగారితో చెప్పినట్టు మామూలు మాటల్లోకి మార్చుకుని చూడండి. ఈ చిన్న మాటలు మన భాషలో మనకు తొందరగా తగులుతాయి.

ప్రకటనలు, నోటీసులు, విజ్ఞప్తుల మీద ప్రశ్నలు ఎక్కువగా వస్తాయి. వాటికి నేను నా ఉద్యోగంలో జరిగిన సంగతి చెబుతాను. పల్లెటూరి బ్రాంచిలో ఉన్నప్పుడు "ఖాతాదారులు ఆధార్ జిరాక్స్ వెంట తెచ్చుకోవాలి" అని కాగితం రాసి గోడకు అంటించాను. మర్నాడు ఒక ముసలామె గంటకు పైగా లైన్‌లో నిలబడి కౌంటర్ దాకా వచ్చింది. జిరాక్స్ లేదు. నోటీసు చూడలేదా అని అడిగితే, "నాకు అచ్చరాలు రావు నాయనా" అంది. ఆమెను కూర్చోబెట్టి జిరాక్స్ నేనే తీయించాను గానీ, ఆ మాట ఇన్నేళ్లయినా మర్చిపోలేదు. నోటీసు అంటించినప్పుడు, దాన్ని చూసేవాళ్లు చదవగలరని నాకు తెలియకుండానే అనుకున్నాను. దగ్గర్లో జిరాక్స్ షాపు ఉందని, వాళ్ల దగ్గర ఆధార్ కార్డు ఉందని కూడా అనుకున్నాను. ఒక్కటీ కాగితం మీద లేదు. మీరు నోటీసు ప్రశ్న చేసేటప్పుడు ఆ కాగితం అంటించిన మనిషి చోట నిలబడండి. చదివేవాళ్లు ఉన్నారు, చదివి కొందరైనా పాటించవచ్చు, పాటించడం వాళ్ల చేతిలో పనే, పాటిస్తే ఏదో మేలు ఉంది. ఈ నాలుగూ దాదాపు ప్రతి నోటీసు కింద ఉంటాయి. "అందరూ పాటిస్తారు", "సమస్య పూర్తిగా తీరిపోతుంది" అన్నవి ఉండవు. మా నెల్లూరు రొట్టెల పండుగకు వచ్చేవాళ్లు వాహనాలు ఊరి బయటే ఆపి రావాలని పోలీసులు ప్రకటిస్తే, కొందరైనా సొంత బండ్లలో వస్తారని, అక్కడి నుంచి పండుగ జరిగే స్వర్ణాల చెరువు దాకా చేరే దారి ఉందని అనుకున్నట్టే. లోపలికి ఒక్క బండీ రాదని అనుకున్నట్టు కాదు.

ప్రభుత్వం ఫలానా పథకం పెట్టాలని నిర్ణయించింది అన్న తరహా కూడా ఇంతే. ఆ పని సాధ్యమని, అవసరమని అనుకున్నారు. గొప్పగా ఫలిస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేదు.

కారణం చెప్పే వాక్యాలను మాత్రం వేరేగా చూడాలి. "రోజూ మాక్ టెస్ట్ రాసినవాళ్లకు మార్కులు పెరిగాయి, కాబట్టి మాక్ టెస్టులే మార్కులు పెంచాయి" అన్నారనుకోండి. రోజూ రాసేవాళ్లు మామూలుగానే ఎక్కువ గంటలు చదివే పిల్లలైతే? మార్కులు ఆ చదువు వల్ల పెరిగి ఉండొచ్చు. "ఆ పెరుగుదలకు ఇంకో కారణం లేదు" అన్నది ఇక్కడ దాగి ఉన్న అజంప్షన్. "కాబట్టి", "అందుకే", "వల్ల" కనబడితే ముందు ఏ మాట ఉంది, తర్వాత ఏ కొత్త మాట వచ్చిందో చూడండి. రెండింటి మధ్య ఖాళీలో వంతెన వేసేదే మీకు కావాల్సింది. సివిల్స్ ప్రిలిమ్స్‌లోని ఆప్టిట్యూడ్ పేపర్ సీశాట్‌లో పాసేజ్ ఇచ్చి అజంప్షన్లు అడిగే ప్రశ్నలకూ ఇదే పనికొస్తుంది. అక్కడ సరైన జవాబుకు 2.5 మార్కులు, తప్పుకు అందులో మూడో వంతు కోత. మీ బ్యాంక్ పరీక్షలో తప్పు జవాబుకు ఆ ప్రశ్న మార్కుల్లో నాలుగో వంతు పోతుంది. ప్రిలిమ్స్ రీజనింగ్‌లో 20 నిమిషాలకు 30–35 ప్రశ్నలు కాబట్టి ఒక్క ప్రశ్న దగ్గర నిమిషం దాటి కూర్చోకండి. "రెండింటిలో ఏదో ఒకటి" అనే ఆప్షన్ అజంప్షన్ ప్రశ్నల్లో సరైనది కావడం చాలా అరుదు. రెండూ ఒకదానికొకటి ఎదురై, రెండింట్లో ఒకటి లేనిదే మాట నిలవనప్పుడే దాని వైపు చూడాలి.

అన్ని పుస్తకాల కీలూ ఒకేలా ఉండవు. కొన్నిటిలో తప్పులు కూడా ఉంటాయి. "ప్రజలు పాటిస్తారు" అని అందరూ, కొందరూ ఏదీ చెప్పకుండా ఇచ్చినప్పుడు ఒక పుస్తకం ఉందంటుంది, ఇంకోటి లేదంటుంది. మీ పద్ధతి సరైనదై కీతో కలవకపోతే అక్కడే ఆగిపోయి బాధపడకండి. పాత పరీక్ష పేపర్లు దొరికినన్ని చేసి, మీరు రాసే పరీక్షలో ఎలా తీసుకుంటున్నారో చూసుకోండి.

సాధనకు రోజూ పేపర్లో ప్రకాశం జిల్లా పేజీ తీసుకోండి. కరెంటు కోత నోటీసు, వేలం ప్రకటన, నాయకుడి మాట, డాక్టర్ సలహా, ఏవైనా ఐదు. ఒక్కోదాని కింద ఈ మాట అన్నవాళ్లు ముందే ఏం నమ్మారో రెండు వాక్యాలు రాయండి. తర్వాత అజంప్షన్‌లా కనబడి కానిది ఒకటి మీరే తయారు చేయండి. ఈ రెండో పని చేస్తే ప్రశ్న తయారుచేసేవాళ్ల చెయ్యి ఎలా తిరుగుతుందో తెలుస్తుంది. మా పిల్లల్లో మూడు వారాలు మానకుండా ఇది చేసినవాళ్లకు భయం పోవడం చూశాను.

ఇక మీ రెండో ప్రశ్న. "కనిగిరి ప్రాంతంలో బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉంది, కాబట్టి తాగడానికి సాగర్ (నాగార్జునసాగర్) నీళ్లు సరఫరా చేయాలి." ఒకటోది: సాగర్ నీళ్లలో ఫ్లోరైడ్ అంత ఎక్కువగా లేదు. రెండోది: ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న నీళ్లు తాగడం మంచిది కాదు. మీరు రెండోది మాత్రమే పెట్టి, "ఒకటోది స్టేట్‌మెంట్‌లో ఎక్కడా లేదు కదా సార్" అని రాశారు. రెండోది కూడా స్టేట్‌మెంట్‌లో లేదమ్మా. మీ ఊళ్లో పళ్లు గారకట్టిన పిల్లల్ని, నడుము వంగిన పెద్దల్ని చిన్నప్పటి నుంచి చూశారు కాబట్టి రెండోది వాక్యంలో ఉన్నట్టే మీకు వినిపించింది. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్న సంగతి కూడా మీకు తెలిసే ఉంటుంది. ఒకటోది మీకు తెలిసిన సంగతి కాదు, అందుకని లేదనిపించింది. స్టేట్‌మెంట్‌లో లేకపోవడం అజంప్షన్‌కు ఉండాల్సిన లక్షణమే. "కాకపోతే" అని అడగండి. సాగర్ నీళ్లలోనూ అంతే ఫ్లోరైడ్ ఉంటే? ఈ నీళ్లు తీసి ఆ నీళ్లు ఇవ్వమనడంలో అర్థం లేదు. ఫ్లోరైడ్ వల్ల చెడు ఏమీ లేకపోతే? నీళ్లు మార్చమనే అవసరమే లేదు. రెండు చోట్లా మాట కూలింది, జవాబు రెండూ ఉన్నాయి.

దీనికే మూడోది ఒకటి చేర్చి చూడండి: "సాగర్ నీళ్లు ఇస్తే ఆ ప్రాంతంలో ఫ్లోరోసిస్ ఇక ఒక్కరికీ ఉండదు." తిరగేసేటప్పుడు "అందరికీ ఉంటుంది" అనకండి, "కొందరికి ఉండొచ్చు" అనండి. ఇప్పటికే ఎముకలు పట్టేసిన పెద్దవాళ్లకు నయం కాకపోయినా, ఈ ఏడు పుట్టిన బిడ్డకు మంచినీళ్లు ఇవ్వాలన్న మాట అలాగే నిలబడి ఉంటుంది.